వృద్ధుల వైద్యమునకు ప్రభుత్వ రక్షణము, అనుబంధ బీమా
ఇతర రాష్ట్రములందలి తెలుగువారు ఎఱుగవలసిన విషయములు

తెలుగునాటి ఎల్లలు దాటి కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములయందును, యానామునందును తరతరములుగ స్థిరపడిన తెలుగువారి చరిత్రను, భాషను, వృత్తులను గూర్చి పండితులు చాల వ్రాసియున్నారు. ఆ కుటుంబములలోని వృద్ధులు జబ్బుపడినప్పుడు ఆ వ్యయభారమును ఎవరు మోయుదురు, ఎంతవఱకు మోయుదురు అను ప్రశ్నకు పరిశోధన వ్యాసములలో చోటు దొరకుట అరుదు. షోలాపురము నేతగానికిని, బరంపురము వర్తకునికిని, కోయంబత్తూరు రైతునకును, బళ్ళారి ఉపాధ్యాయునికిని ఈ ప్రశ్న సమానమే. కావున దీనిని ఇచ్చట కొంత విపులముగ పరిశీలింతము.

నేడు అనేక గృహములలో రెండు పత్రములు కనుపించుచున్నవి. ఒకటి ప్రభుత్వ మిచ్చిన ఆరోగ్య కార్డు. రెండవది బీమా సంస్థవద్ద కొన్న పాలసీ. "రెండును ఉన్నవి గదా, ఇక భయమేల?" అని ఇంటివారు ధైర్యము చెందుదురు. ఆ ధైర్యము కొన్ని సందర్భములలో సరియైనది; కొన్నిటిలో ఇంటిని అప్పులపాలు చేయగలది. ఏలయనగా మన దేశమున ప్రభుత్వ రక్షణమును, ప్రైవేటు బీమాయు తమంత తామై ఒకదానితో నొకటి అతుకుకొనవు. అవి ఎచ్చట కలియును, ఎచ్చట విడిపోవును అను విషయమును తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

అనుబంధ బీమా యననేమి?

ఒక ప్రధాన రక్షణము చెల్లింపక విడిచిన భాగమును పూరించుటకై తీసికొను బీమాయే అనుబంధ బీమా. దీని రూపము తేటతెల్లముగ కనుపించునది అమెరికాలో. మన పిల్లలు పెక్కుమంది అచ్చట నుండుటచే ఆ పేర్లు మన యిండ్లలోను వినబడుచున్నవి. 1965లో చట్టమైన మెడికేర్ పథకము అచ్చట ప్రధానముగ 65 ఏండ్లు నిండినవారికి వర్తించును. వైద్యుల సేవలకు సంబంధించిన 'పార్ట్ బి' విభాగమున, వార్షిక మినహాయింపు పోయిన పిదప, ఆమోదింపబడిన వ్యయములో సాధారణముగ నూటికి 20 వంతులు రోగియే భరింపవలెను. ఇట్టి ఖాళీలను పూరించుటకై ప్రైవేటు సంస్థలు 'మెడిగ్యాప్' పాలసీలను అమ్మును. 1990లో వచ్చిన చట్టమువలన చాల రాష్ట్రములలో ఈ పాలసీల నమూనాలు ఒకే తీరున నిర్ణయింపబడి, ఆంగ్లాక్షరముల పేర వాడుకయందున్నవి. ప్రభుత్వము తన వంతు చెల్లించును. శేషము మెడిగ్యాపునకు చేరును. ఒకే బిల్లు రెండు చేతులు మారును. రెంటిని చట్టమే కలిపి కుట్టినది.

మన దేశమున ప్రభుత్వ పథకమునకును ప్రైవేటు పాలసీకిని మధ్య ఇట్టి కుట్టు లేదు. రెండును వేరువేరు సూత్రములపై నడచుచున్నవి. ఆ సూత్రముల నెఱిగిననే గాని ఏ పాలసీ మనకు అనుబంధముగ పనికివచ్చునో తేలదు.

ప్రభుత్వ రక్షణము, దాని పరిధి

కేంద్ర ప్రభుత్వము 2018 సెప్టెంబరు 23న ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనను ప్రారంభించినది. అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవఱకు ఆసుపత్రి చికిత్స ఇందు లభించును. ఆదిలో ఇది పేద కుటుంబములకే పరిమితము. 2024 అక్టోబరు 29న దీనిని, ఆదాయముతో నిమిత్తము లేక, 70 ఏండ్లు నిండిన వారందఱికిని విస్తరింపజేసిరి. వీరికిచ్చు కార్డునకు 'ఆయుష్మాన్ వయ వందన' అని పేరు.

ఈ విస్తరణలో గమనింపదగిన అంశములు నాలుగు కలవు. ఒకటి: కుటుంబము ఇదివఱకే పథకమున నున్నచో, 70 ఏండ్లు దాటిన వారికి వేఱుగ మఱియొక 5 లక్షలు లభించును, దానిని చిన్నవారితో పంచుకొన నక్కఱలేదు. రెండు: భార్యాభర్తలిద్దఱును 70 దాటినవారైనచో ఆ 5 లక్షలు ఇద్దఱికిని ఉమ్మడి. మూడు: ప్రైవేటు పాలసీ గలవారును, కార్మిక రాజ్యబీమా (ఇ.ఎస్.ఐ.) గలవారును దీనికి అర్హులే. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకమునందో మాజీ సైనికుల పథకమునందో ఉన్నవారు మాత్రము దానిని గాని దీనిని గాని ఎంచుకొనవలెను. నాలుగు: పూర్వము నుండి యున్న జబ్బులకు సైతము మొదటి దినము నుండియే చికిత్స లభించును. చక్కెర వ్యాధి, రక్తపుపోటు, గుండెజబ్బు గల వృద్ధునకు ఈ నాలుగవ అంశము మిక్కిలి విలువైనది.

ఇక ఈ రక్షణము పనిచేయు తీరు. ప్రభుత్వము ఒక్కొక్క చికిత్సకు ఒక్కొక్క ధర ముందే నిర్ణయించినది. దీనినే 'ప్యాకేజి' అందురు. నమోదైన ఆసుపత్రి ఆ ధరకు అంగీకరించి చికిత్స చేయును. మందులు, పరీక్షలు, భోజనము, సాధారణ వార్డులో మంచము, చేరుటకు ముందు 3 దినములు, ఇంటికి పంపిన తరువాత 15 దినముల వ్యయము అందులోనివే. ఆ ప్యాకేజికై రోగివద్ద ఆసుపత్రి వేఱుగ సొమ్ము తీసికొనరాదు. కావున నమోదైన ఆసుపత్రిలో, ప్యాకేజిలోని చికిత్స జరిగినచో, రోగిచేతికి బిల్లు శేషమే రాదు. అనుబంధ బీమా పూరింపవలసిన ఖాళీయు ఉండదు.

ఖాళీ వేఱొకచోట నున్నది. నమోదుకాని ఆసుపత్రిలో ఈ కార్డు చెల్లదు. ప్యాకేజి పట్టికలో లేని చికిత్సకు చెల్లదు. ఆసుపత్రిలో చేరక, వైద్యుని చూచి మందులు కొనుక్కొని వచ్చు నిత్యవ్యయమునకు చెల్లదు. ప్రత్యేకమైన గది కావలెనన్న కోరికకును చెల్లదు.

రాష్ట్ర పథకములు, రాష్ట్రపు టెల్లలు

కేంద్ర పథకమునకు ముందునుండియే రాష్ట్రములు తమ తమ పథకములను నడపుచుండెను. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనది. తమిళనాట 2009లో మొదలైన పథకము 2012లో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకముగ రూపొందినది. మహారాష్ట్రమున 2012లో మొదలైన పథకము 2017 నుండి మహాత్మా జ్యోతిరావ్ ఫూలే పేర నడచుచున్నది. ఒడిశాలో 2018 నాటి బిజు స్వాస్థ్య కల్యాణ యోజన స్థానమున, 2025లో కేంద్ర పథకముతో కూడిన గోపబంధు జన ఆరోగ్య యోజన వచ్చినది. కర్ణాటకమున 2018లో ఏర్పడిన ఆరోగ్య కర్ణాటక పథకమున ఒక విశేషము కలదు. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమునకు 5 లక్షలవఱకు పూర్తి చికిత్స. ఎగువనున్న వారికి ప్యాకేజి ధరలో నూటికి 30 వంతులే, అదియు సంవత్సరమునకు లక్షన్నర మించకుండ, ప్రభుత్వము చెల్లించును. అనగా లక్ష రూపాయల ప్యాకేజిలో 70 వేలు రోగి భాగము. అమెరికా మెడిగ్యాప్ పూరించునట్టి ఖాళీకి మన దేశమున మిక్కిలి సమీపమైన ఉదాహరణము ఇదియే. రోగి చెల్లించిన భాగమునకు రసీదు ఉండును గనుక, దానిని ప్రైవేటు పాలసీ క్రింద అడుగుటకు వీలు కలదు.

మన సమాజము జ్ఞప్తియం దుంచుకొనవలసిన దేమనగా, రాష్ట్ర పథకములు భాషను చూడవు, నివాసమును చూచును. హోసూరులో పది తరములుగ నున్న తెలుగు కుటుంబమునకు తమిళనాటి పథకమే వర్తించును, ఆరోగ్యశ్రీ వర్తింపదు. గుంటూరు జిల్లా గ్రామమునుండి వృద్ధాప్యమున ముంబయిలోని కుమారుని చెంతకు వచ్చిన తల్లికి స్వరాష్ట్రపు కార్డు వెంట రాకపోవచ్చును. కేంద్రపు 70 ఏండ్ల కార్డు ఈ విషయమున మేలైనది. పథకమున చేరిన రాష్ట్రములలోని నమోదైన ఆసుపత్రులలో అది చెల్లుబడి యగును. యానామును చూడుడు. పాలన పుదుచ్చేరిది, చుట్టును ఆంధ్ర ప్రదేశ భూమి, పెద్ద ఆసుపత్రులు కాకినాడలో. అట్టివారికి ఎల్ల దాటి చెల్లు కార్డు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను, కార్డు చేతనున్నంత మాత్రమున తృప్తి చెందక, తాము పోదలచిన ఆసుపత్రి 70 ఏండ్లవారిని ఆ కార్డుపై చేర్చుకొనుచున్నదా, ఏయే విభాగములలో చేర్చుకొనుచున్నది అని ఆరోగ్యముగ నున్నప్పుడే అడిగి తెలిసికొనవలెను. 14555 అను ఫోను సంఖ్యకు పిలిచియు తెలిసికొనవచ్చును.

ప్రైవేటు పాలసీ నడచు తీరు

ప్రైవేటు పాలసీకి ఆధారము ప్యాకేజి కాదు, బిల్లు. రోగికి అయిన వ్యయమును, పాలసీ షరతులకు లోబడి, బీమా సంస్థ భర్తీ చేయును. అయిన వ్యయముకంటె ఎక్కువ రాదు. రెండు పాలసీలు గలవారు ఏ పాలసీ క్రింద మొదట అడుగవలెనో తామే నిర్ణయించుకొని, మిగిలిన దానిని రెండవదానినుండి పొందవచ్చును.

వృద్ధుల విషయమున నియంత్రణ సంస్థ (ఐ.ఆర్.డి.ఎ.ఐ.) 2024లో కొన్ని మేలైన మార్పులు చేసినది. వయస్సు మీఱినదను కారణమున పాలసీ తలుపులు మూసివేయు పద్ధతి తొలగినది. పూర్వవ్యాధులకై వేచియుండవలసిన కాలము గరిష్ఠముగ 4 సంవత్సరముల నుండి 3 సంవత్సరములకు తగ్గినది. పాలసీ ఎడతెగక 5 సంవత్సరములు సాగినచో, మోసము ఋజువైనగాని, వివరములు దాచితివను నెపముతో క్లెయిమును త్రోసిపుచ్చరాదు. 2025 జనవరిలో, 60 ఏండ్లు దాటినవారి ప్రీమియమును ఏడాదికి నూటికి 10 వంతులకు మించి పెంచదలచినచో ముందుగ తనను సంప్రదింపవలెనని ఆ సంస్థ ఆదేశించినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై నూటికి 18 వంతుల జి.ఎస్.టి. తొలగినది.

అయినను వృద్ధుల పాలసీలలో రెండు షరతులు చాలమందిని బాధించును. మొదటిది 'కో-పే'. నూటికి 20 వంతుల కో-పే గల పాలసీలో 3 లక్షల బిల్లునకు 60 వేలు రోగియే ఇచ్చుకొనవలెను. రెండవది గది అద్దె పరిమితి. దినమునకు 5 వేలు పరిమితి యుండగా 10 వేల గదిలో చేరినచో, అద్దెలో సగమే గాక, శస్త్రచికిత్స, వైద్యుల రుసుము మున్నగు అనుబంధ వ్యయములలోను సగము కోతపడవచ్చును. పాలసీ కొన్నవారు పత్రము చేతికి వచ్చిన 30 దినములలోపల చదువుకొని, నచ్చనిచో త్రిప్పిపంపవచ్చును. ఆ పత్రము ఆంగ్లమున నుండుట సామాన్యము. చదువుకొన్న యువకుడెవ్వడైనను ఒక సాయంకాలము కూర్చుండి పెద్దలకు తెలుగులో విప్పిచెప్పుట గొప్ప సేవ.

టాప్-అప్, సూపర్ టాప్-అప్

తక్కువ ప్రీమియమునకు ఎక్కువ రక్షణమని అనేకులు కొనుచున్నవి ఈ పాలసీలే. వీనిలో 'డిడక్టిబుల్' అను ఒక మొత్తము నిర్ణయింపబడి యుండును. వ్యయము ఆ మొత్తమును దాటిన పిదపనే పాలసీ కదలును. టాప్-అప్ ఒక్కొక్క ఆసుపత్రి ప్రవేశమును విడివిడిగ లెక్కించును. సూపర్ టాప్-అప్ ఏడాదిలోని బిల్లులన్నిటిని కూడి లెక్కించును. డిడక్టిబుల్ 5 లక్షలనుకొందము. ఏడాదిలో ఒకసారి 4 లక్షలు, మఱియొకసారి 3 లక్షలు అయినవి. రెండు బిల్లులలో ఏదియు 5 లక్షలు దాటలేదు గనుక టాప్-అప్ ఏమియు ఇయ్యదు. మొత్తము 7 లక్షలైనది గనుక సూపర్ టాప్-అప్ 2 లక్షలు ఇచ్చును. మాటిమాటికి ఆసుపత్రికి పోవలసిన వృద్ధులకు రెండవదియే తగినది.

మన పెద్దలు మోసపోవు చోటు ఇచ్చటనే కలదు. "ప్రభుత్వపు కార్డు 5 లక్షలవఱకు చూచుకొనును, ఆపైన సూపర్ టాప్-అప్ చూచుకొనును" అను లెక్క కాగితముపై ముచ్చటగ నుండును. ఒక వృద్ధుడు ఈ లెక్కతో 5 లక్షల డిడక్టిబుల్ గల పాలసీ కొని, పాత సాధారణ పాలసీని వదలుకొన్నాడనుకొందము. నడిరాత్రి గుండెపోటు వచ్చినది. ఇంటివారు సమీపమందున్న ఆసుపత్రికి కొనిపోయిరి. అది పథకమున నమోదైనది కాదు. బిల్లు 9 లక్షలు. ప్రభుత్వపు కార్డు అచ్చట చెల్లదు. సూపర్ టాప్-అప్ 5 లక్షలు దాటిన 4 లక్షలనే యిచ్చును. నడుమనున్న 5 లక్షలు ఇంటివారివే. కార్డు ఆసుపత్రిని బట్టి పనిచేయును. డిడక్టిబుల్ బిల్లును బట్టి పనిచేయును. ఈ రెండు కొలతలును వేరైనవి గనుక, ఒకదానిని పునాదిగ నుంచి రెండవదానిని దానిపై కట్టరాదు. సూపర్ టాప్-అప్ క్రింద నిలువవలసినది మఱియొక సాధారణ పాలసీయైన కావలెను, లేదా డిడక్టిబుల్ మొత్తమునకు సరిపడు చేతిసొమ్మైన కావలెను.

ప్రభుత్వపు కార్డుతో చక్కగ పొసగు అనుబంధమొకటి కలదు. అది ఆసుపత్రి దినభత్యపు పాలసీ. ఇది బిల్లును చూడదు. ఆసుపత్రిలో నున్నన్ని దినములకు, దినమునకు ఇంతయని, షరతుల ప్రకారము నిర్ణీతమైన సొమ్ము ఇచ్చును. చికిత్స ప్రభుత్వ కార్డుపై ఉచితముగ జరిగినను, చేరినట్లు ఆసుపత్రి ఇచ్చిన పత్రములు చూపి దీనిని అడుగవచ్చును. తోడుండువారి ప్రయాణము, భోజనము, పోయిన కూలి మున్నగు వానికి ఇది అక్కఱకు వచ్చును.

ఎవరికేది తగును?

60కిని 70కిని నడుమనున్న వారు, కుటుంబము ప్రభుత్వ పథకమున లేనిచో, సాధారణ పాలసీని ఇప్పుడే తీసికొనుట మంచిది. 60వ ఏట కొన్న పాలసీకి 63వ ఏటికి వేచియుండు కాలము తీరును. 65వ ఏటికి అయిదేండ్ల రక్షణయు కలుగును. శక్తి యున్నచో దానిపై సూపర్ టాప్-అప్ చేర్చుకొనవచ్చును. 70 దాటి, స్వల్పాదాయముతో, నమోదైన మంచి ఆసుపత్రికి సమీపమున నుండువారికి ప్రభుత్వ కార్డును, వీలైనచో దినభత్యపు పాలసీయు చాలవఱకు సరిపోవును. అధిక ప్రీమియమునకై వారు అప్పు చేయనక్కఱలేదు. 70 దాటి పాత పాలసీ గలవారు మాత్రము, కార్డు వచ్చినదని దానిని మానరాదు. ఒకసారి మానిన పాలసీని 72వ ఏట మరల కొనవలసివచ్చినచో వైద్యపరీక్షలు, హెచ్చు ప్రీమియము, పూర్వవ్యాధులకు మరల మూడేండ్ల నిరీక్షణము తప్పకపోవచ్చును.

పేర్లు, పత్రములు

70 ఏండ్ల కార్డునకు ఆధార్ పత్రమే ఆధారము. వయస్సు అందున్నదే ప్రమాణము. ఇతర రాష్ట్రములందలి తెలుగువారికి ఇచ్చట ఒక ప్రత్యేక చిక్కు కలదు. మనము పేరునకు ముందు ఇంటిపేరు వ్రాసికొందుము. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరము వ్రాయుట వాడుక. అందుచే ఒకే వ్యక్తి ఆధారులో ఒక పేరుతోను, పాలసీలో మఱియొక పేరుతోను, పింఛను పత్రములో ఇంకొక పేరుతోను ఉండవచ్చును. పుట్టిన దినము తెలియనివారికి జనవరి 1 అని వ్రాయుటయు, వయస్సు అంచనాగ వేయుటయు పరిపాటి. ఆసుపత్రి గుమ్మమువద్ద ఈ తేడాలు బయటపడినచో కాలహరణమగును. కావున ముందే సవరించుకొనవలెను. ఆసుపత్రిలో చేరునప్పుడే అచ్చటి ఆరోగ్య మిత్రకు కార్డు చూపి, ఏ పద్ధతిలో చేరుచున్నారో స్పష్టము చేయవలెను.

ప్రైవేటు సంస్థ న్యాయముగ చెల్లింపనిచో మొదట ఆ సంస్థకు వ్రాతమూలముగ ఫిర్యాదు చేసి, ఫలితము లేనప్పుడు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. 50 లక్షలవఱకు గల వివాదములను ఆ అధికారి రుసుము లేకయే విచారించును, న్యాయవాది నక్కఱలేదు. కర్ణాటకమునకు బెంగుళూరులోను, తమిళనాడునకు చెన్నైలోను, ఒడిశాకు భువనేశ్వరములోను ఈ కార్యాలయములు కలవు; మహారాష్ట్రపు ప్రాంతములకు ముంబయి, పూనా మున్నగు చోట్ల నున్నవి. యానాము మాత్రము, పుదుచ్చేరి పాలనలోనిదైనను, హైదరాబాదు కార్యాలయము పరిధిలోనిది. ఆ ఊరివారు తెలుగు నేలపైననే తమ మొఱ చెప్పుకొనవచ్చును.

మన సంఘములు ఉగాదికిని, సంక్రాంతికిని సభలు జరుపుచున్నవి; కవులను, కళాకారులను సత్కరించుచున్నవి. ఆ సభామందిరములోనే ఏడాదికి రెండు దినములు పెద్దల పత్రములను పరిశీలించుటకు కేటాయింపవలెనని మనవి. ఊరిలోని నమోదైన ఆసుపత్రుల పట్టికను తెలుగులో ముద్రించి ఇంటింట పంచవచ్చును. 70 నిండినవారిచే కార్డు తీయింపవచ్చును. పాలసీ గలవారికి డిడక్టిబుల్ ఎంత, కో-పే ఎంత, వేచియుండు కాలము ఎప్పుడు తీరును అను మూడు విషయములను ఒక చీటిపై వ్రాసి యియ్యవచ్చును. ఆ చీటి కార్డుతో కలిపి బీరువాలో నున్నచో, ఆపద సమయమున ఏ ఆసుపత్రికి పోవలెనో, ఏ పత్రము చూపవలెనో ఇంటివారు తడబడక నిర్ణయింపగలరు.